అన్నా, నిజంగా పోయినారా?



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మీరు అడిగినప్పుడు ఏం రాయాలో మాకు తోచలేదు. కవితలు మాకు రావు. 'విద్యార్థులు - క్రమశిక్షణ' అనే వ్యాసం ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము ఆరో తరగతిలో ట్రంకు పెట్టెలు మోసుకుంటూ ఈ బుక్కరాయసముద్రం హాస్టల్లో చేరినవాళ్లం. ఇప్పుడు నలుగురం అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్లం మేమే. ఆదివారం ఆదివారం వచ్చి మీకు లెక్కలు, సైన్సు చెబుతున్నాం. అందుకే మీ స్టడీ అవర్లో మాకు జరిగిన ఒక పరాభవం గురించి రాస్తున్నాం.

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం తొమ్మిదో తరగతి వాళ్లకు గురుత్వాకర్షణ పాఠం చెబుతున్నాం. గురుత్వ త్వరణం భూమి మీద 9.8, చంద్రుడి మీద 1.62, అంటే సుమారు ఆరో వంతు. 1969 జూలైలో అపోలో 11లో వెళ్లిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ అందుకే అక్కడ గెంతుతూ నడిచారని చెప్పాం. వెనక వరసలోంచి ఒక తమ్ముడు లేచాడు.

"అన్నా, అదంతా అబద్ధమంట గదా. స్టూడియోలో తీసినారంట. ఫోన్లో చూసినా. గాలి లేని చోట జెండా ఎట్లా ఊగుతుంది?"

మేము ఏం చేశామో దాచుకోకుండా చెబుతాం. కోప్పడ్డాం. "మేము ఎమ్మెస్సీ చదువుతున్నాం, నువ్వు మాకు చెప్పొచ్చినావా? కూర్చో" అన్నాం. వాడు కూర్చోలేదు. "మీరు చూసినారా అన్నా?" అని మెల్లగా అడిగాడు. గదిలో అందరూ నవ్వారు. మేము ఇంకా గట్టిగా అరిచాం. వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత గంటసేపు ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ సాయంత్రం చెరువు కట్ట మీద నడిచి పోతుంటే మాలో ఒకడు అన్నాడు: "మనం ఈ పొద్దు వాణ్ణి అన్న మాట, మన నాయనల్ని ఎంతమంది అనింటారో!" అందరికీ గుర్తుంది. 'నీకేం తెలుసు, చదువుకున్నోళ్లం చెబుతున్నాం, ఇక్కడ వేలిముద్ర వెయ్యి' అన్న మాట వింటూనే పెరిగాం. ఆ మాట మా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. అదీ ఫిజిక్సు పేరు మీద.

ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పాలి. మా నలుగురిలో ఎవరి ఇల్లని అడగొద్దు. నలుగురిదీ అదే కథ, బోరు అడుగుల్లోనే తేడా. మూడెకరాల మెట్ట. వాన పడితే శెనక్కాయ, పడకపోతే కూలి. మేము ఇంటరు చదివేటప్పుడు మా నాయన బోరు వేయించాలనుకున్నాడు. కొబ్బరికాయ పట్టి నీళ్లు చూసే ఆయన్ను పిలుచుకొచ్చినాడు. ఆయన అరచేతిలో కాయ పెట్టుకుని చేనంతా నడిచాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. అక్కడ ఆరువందల అడుగులు దించితే దుమ్ము లేచింది. రెండోసారి ఇంకొక ఆయన, ఇంకొక కాయ. మళ్లీ దుమ్మే. అప్పు మాత్రం మిగిలింది. బోరు లారీ వెళ్లిపోయిన రాత్రి మా నాయన ఒక్క మాట అడిగాడు: "సైన్సు చదువుతాండావు గదరా, ఆ కాయ నిజమో కాదో నువ్వన్నా ఒక మాట చెప్పకూడదా?"

మాకు అనుమానం ఉండింది. పెద్దవాళ్ల ముందు నోరు పెగల్లేదు. ఆ రోజు తెలిసీ నోరు మూసుకున్నాం. ఈ రోజు తెలుసని చెప్పి ఒక పిల్లవాడి నోరు మూయించాం. రెండూ తప్పే. ఆ తమ్ముడు నమ్మకపోవడంలో మాత్రం తప్పేమీ లేదు. చెప్పినదల్లా నమ్మి నష్టపోయిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లమే మనమంతా.

వారమంతా లైబ్రరీలో కూర్చుని చదివాం. ఈ అనుమానం మన ఫోన్లలో పుట్టింది కాదు. 1976లోనే అమెరికాలో బిల్ కేసింగ్ అనే ఆయన ఈ ప్రయాణాలు బూటకమని పుస్తకం అచ్చు వేశాడు. అప్పటినుంచీ అవే ప్రశ్నలు తిరుగుతున్నాయి. వాటికి జవాబులు చెప్పడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, తొమ్మిదో తరగతి ఫిజిక్సు చాలు. మరుసటి ఆదివారం ఒక కట్టె, ఒక టవలు, దారం, గ్రాఫు కాగితాలు పట్టుకుని వచ్చాం. ముందు ఆ తమ్ముడికి అందరి ఎదుటా "పోయిన వారం మాదే తప్పు" అని చెప్పాం. "నీ ప్రశ్నలన్నీ బోర్డు మీద రాయి, ఒక్కొక్కటీ చూద్దాం" అన్నాం. వాడు నాలుగు రాశాడు.

మొదటిది జెండా. కట్టెకు పైన అడ్డంగా ఒక పుల్ల కట్టి టవలు తగిలించాం. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, కట్టెను నేల మీద అటూ ఇటూ తిప్పాం. గాలి లేకుండానే టవలు ఊగింది. అపోలో జెండాకు కూడా పైన ఇట్లాంటి అడ్డకడ్డీ ఉంది. గాలి లేని చోట జెండా విప్పుకుని నిలబడదని తెలుసు కాబట్టే పెట్టారు. అపోలో 11లో ఆ కడ్డీ పూర్తిగా బయటికి రాలేదు. అందుకని గుడ్డలో ముడతలు మిగిలాయి, ఫోటోలో రెపరెపలాడినట్టు కనిపిస్తుంది. తర్వాత ఒకే పొడవున్న రెండు దారాలకు ఒక రాయి, ఒక అట్టముక్క కట్టి ఊపాం. అట్ట తొందరగా ఆగిపోయింది, రాయి ఊగుతూనే ఉంది. అట్టను ఆపింది గాలే. గాలి లేకపోతే గుడ్డ ఒకసారి కదిలాక ఇంకా ఎక్కువసేపు ఊగుతుంది. చంద్రుడి మీద జెండా కట్టెను చేత్తో తిప్పినప్పుడు జరిగింది అదే.

రెండోది, ఆకాశంలో నక్షత్రాలు ఎందుకు లేవని. దానికి జవాబు మీ ఫోన్లోనే ఉంది. పోయిన కబడ్డీ పోటీలప్పుడు రాత్రి ఫోకస్ లైట్ల కింద తీసిన ఫోటో తెరిచి చూశాం. ఆ రాత్రి ఆకాశం నిండా చుక్కలున్నాయి. ఫోటోలో ఒక్కటీ లేదు. వెలుగులో ఉన్న మనిషి సరిగ్గా పడాలంటే కెమెరా కన్ను క్షణంలో వెయ్యో వంతో, వందో వంతో మాత్రమే తెరుచుకుంటుంది. అంతలో చుక్కల మసక వెలుగు చాలదు. అపోలో వాళ్లు దిగింది చంద్రుడి పగటిపూట. ఆకాశం నల్లగా ఉన్నా నేల మీద ఎండ మండిపోతోంది.

అదే ఫోటో మూడో ప్రశ్నకూ పనికొచ్చింది. నీడలు ఒకదానికొకటి సమాంతరంగా లేవు కాబట్టి చాలా లైట్లు పెట్టి తీశారన్నది ఆ ప్రశ్న. కబడ్డీ కోర్టు చుట్టూ నాలుగు లైట్లు. ఫోటోలో ఒక్కొక్క ఆటగాడికి నాలుగు నీడలు. అపోలో ఫోటోల్లో ఒక్కొక్కరికి ఒక్కటే నీడ. లైట్లు చాలా ఉంటే నీడలూ చాలా ఉండాలి కదా! సాయంత్రం అందరం కట్ట మీదికి పోయాం. పొద్దు గుంకే వేళ చేలో రెండు కరెంటు స్తంభాల నీడలు ఫోటో తీశాం. సూర్యుడు ఒక్కడే, నీడలు మాత్రం రైలు పట్టాల్లాగా ఒకచోట కలవబోతున్నట్టు పడ్డాయి. గట్టు మీద పడిన నీడ ఒక పక్కకు వంగింది, గుంతలో పడిన నీడ ఇంకొక పక్కకు వంగింది. ఎగుడుదిగుడు నేల మీద నీడ ఎప్పుడూ అంతే.

నాలుగోది గట్టి ప్రశ్న. అంత పెద్ద రాకెట్టు దిగితే కింద గుంత పడాలి కదా, ఎందుకు పడలేదు? దీనికి బోర్డు మీద లెక్క వేశాం. దిగే సమయానికి ఆ నౌక ద్రవ్యరాశి సుమారు 7 టన్నులు. అక్కడి గురుత్వంతో గుణిస్తే బరువు సుమారు 11,300 న్యూటన్లు. మెల్లగా దిగాలంటే ఇంజను దాదాపు అంత బలంతో తోస్తే చాలు. ఇంజను మూతి వైశాల్యం సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం సుమారు 7,500 పాస్కల్.

ఇది ఎక్కువా తక్కువా? ఆ తమ్ముణ్ణే పిలిచి గ్రాఫు కాగితం మీద నిలబెట్టి పాదాల చుట్టూ గీత గీశాం. గళ్లు లెక్కపెడితే రెండు పాదాలు కలిపి సుమారు 300 చదరపు సెంటీమీటర్లు. వాడి బరువు 40 కిలోలు. లెక్క వేస్తే సుమారు 13,000 పాస్కల్. అంటే చంద్రుడి మీద దిగిన ఇంజను నేల మీద వేసిన ఒత్తిడి, మన తమ్ముడు నిలబడితే గచ్చు మీద పడే ఒత్తిడిలో సగం చిల్లర! వాడు తన కాళ్ల కిందికి చూసుకున్నాడు. గుంత పడలేదు. అందరూ నవ్వారు, ఈసారి వాడు కూడా నవ్వాడు.

గుంత పడకపోయినా పైన ఉన్న మెత్తటి దుమ్ము మాత్రం ఎగిరిపోతుంది. దీనికి మన సాక్ష్యమే ఉంది. 2023 ఆగస్టు 23న మన విక్రమ్ దిగినప్పుడు ఎగిరిన దుమ్మును హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. దిగకముందు, దిగిన తర్వాత చంద్రయాన్-2 ఆర్బిటర్ పై నుంచి తీసిన ఫోటోలు పోల్చి చూశారు. సుమారు 2.06 టన్నుల దుమ్ము 108.4 చదరపు మీటర్ల మేర చెదిరిందని తేల్చారు. నౌక చుట్టూ తెల్లటి వలయంలా కనిపించింది. అపోలో 15 దిగిన చోట కూడా ఇట్లాంటి మరకే పై నుంచి తీసిన ఫోటోల్లో కనిపించింది.

ఇంతలో ఇంకొకడు లేచి, "భూమి మీదే తీసి సినిమా మెల్లగా తిప్పినారేమో?" అన్నాడు. దీనికీ లెక్కే. 1971లో అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఒక చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేల తాకాయి. 1.6 మీటర్ల ఎత్తనుకుంటే, భూమి మీద పడటానికి 0.57 సెకను, చంద్రుడి మీద 1.4 సెకన్లు పడుతుంది. భూమి మీద తీసి చంద్రుడిలా చూపించాలంటే సినిమాను సుమారు రెండున్నర రెట్లు మెల్లగా తిప్పాలి. తిప్పారనే అనుకుందాం. ఈక సంగతేమిటి? మన గదిలో కోడి ఈక, రాయి కలిపి వదిలితే రాయి పడిపోయాక ఈక తేలుతూ దిగింది. సినిమాను మెల్లగా తిప్పితే ఈక ఇంకా మెల్లగా దిగుతుందే కానీ రాయితో కలిసి పడదు. మట్టిరోడ్డు మీద ట్రాక్టరు పోతే దుమ్ము గాలిలో నిలబడి పాకడం మనకు తెలుసు. చంద్రుడి మీద బండి నడిపినప్పుడు చక్రాల వెనక లేచిన దుమ్ము రేణువు రేణువూ విసిరిన రాయిలా పరావలయంలో లేచి నేరుగా కింద పడింది. గాలిని పూర్తిగా తోడేసిన స్టూడియో కట్టడం కన్నా చంద్రుడి మీదికి పోవడమే సులభం!

నాలుగు ప్రశ్నలూ అయిపోయాయి. కానీ బోర్డు మీద లేని ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. "మీరు చూసినారా?"

మేము చూడలేదు. మేము పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు, 1972 డిసెంబరుతో ఆ ప్రయాణాలు ఆగిపోయాయి. ఆరు సార్లు, పన్నెండు మంది దిగారు. చూడనప్పుడు ఏం చేయాలి? వేరు వేరు మనుషులు, ఒకరితో ఒకరికి పని లేనివాళ్లు, వేరు వేరుగా కొలిస్తే లెక్క ఒక్కటిగా వస్తుందా లేదా అని చూడాలి.

అపోలో 11, 14, 15 వాళ్లు అక్కడ అద్దాల పలకలు పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజర్ కొడితే రెండున్నర సెకన్లలో వెలుగు తిరిగి వస్తుంది. ఆ కొలతలతోనే చంద్రుడు ఏడాదికి సుమారు 3.8 సెంటీమీటర్లు మన నుంచి దూరం జరుగుతున్నాడని తెలిసింది. ఇది చెప్పగానే మన తమ్ముడు, "అద్దాలు మనిషే పెట్టాల్నా అన్నా? మిషన్ పెట్టగూడదా?" అన్నాడు. చాలా మంచి ప్రశ్న. సోవియట్ వాళ్లు మనిషి లేకుండా పంపిన లూనోఖోద్ బండ్ల మీద కూడా అద్దాలున్నాయి. కాబట్టి అద్దాలు ఒక్కటే చాలవు. రాళ్లు చూడండి. సోవియట్ యంత్రాలు మూడు ప్రయాణాల్లో తెచ్చిన మట్టి అంతా కలిపి మూడువందల గ్రాముల చిల్లర. 2020లో చైనా యంత్రం తెచ్చింది 1,731 గ్రాములు. అపోలో మనుషులు తెచ్చింది 382 కిలోలు.

ఆ రాళ్లు నిజమైనవో కాదో మన ప్రజ్ఞాన్ కూడా ఒక విధంగా తేల్చింది. అపోలో 16 వాళ్లు 1972లో చంద్రుడి ఎత్తు ప్రాంతాల నుంచి తెచ్చిన రాళ్లలో అనార్థొసైట్ అనే తెల్లటి రాయి ఉంది. ఒకప్పుడు చంద్రుడి పై భాగమంతా కరిగిన శిలాసముద్రమని, తేలికైన ఖనిజం పైకి తేలి గట్టిపడిందని శాస్త్రవేత్తలు ఊహించారు. 2023లో మనవాళ్లు దక్షిణ ధ్రువం వైపు, అప్పటిదాకా ఎవరూ దిగని చోట దిగారు. ప్రజ్ఞాన్ అక్కడి మట్టిని పరీక్షిస్తే అదే జాతి మట్టి అని తేలింది. ఆ ఫలితాలు 2024 ఆగస్టులో 'నేచర్' పత్రికలో అచ్చయ్యాయి. 1972లో దొంగరాళ్లు తయారు చేసినవాడికి, యాభై ఏళ్ల తర్వాత భారతదేశం ఎక్కడ దిగి ఏం కొలుస్తుందో ముందే తెలిసి ఉండాలి! పైగా చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరా అపోలో 11 వదిలేసి వచ్చిన నౌక కింది భాగాన్ని ఫోటో తీసింది. ఆ కెమెరా అమెరికాది కాదు, మనది.

ఇంకొక మాట. అప్పట్లో అమెరికాకు పోటీదారు సోవియట్ యూనియన్. అపోలో 11 చంద్రుడి మీద ఉన్నప్పుడే వాళ్ల లూనా 15 అక్కడే కూలిపోయింది. పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయినవాడు గెలిచినవాడి దొంగ ఓట్లు తెలిసీ ఊరుకుంటాడా? వాళ్లు అబద్ధమని ఒక్కనాడూ అనలేదు.

"మరి మళ్లీ ఎందుకు పోలేదు?" అని చివరికి ఒకరడిగారు. అప్పటికి మేము మళ్లీ కట్ట మీదే ఉన్నాం. కట్టమంచి రామలింగారెడ్డి గారు 'ముసలమ్మ మరణం' కావ్యంలో చెప్పిన కథ ఈ చెరువుదే. విజయనగర రాజుల కాలంలో, ఆరువందల ఏళ్ల కిందట కట్టిన చెరువు ఇది. "ఇంత పెద్ద చెరువు మన మండలంలో మళ్లీ ఎవరన్నా తవ్వించినారా?" అని అడిగాం. లేదన్నారు. "తవ్వించలేదు కాబట్టి ఈ చెరువు అబద్ధమా?" చేతనైన పని కూడా డబ్బు, పట్టుదల పెట్టే రాజు లేకపోతే ఆగిపోతుంది. అమెరికాకు పోటీ గెలిచాక ఖర్చు బరువయింది, ఆపేశారు.

మీలో కొందరికి 2023 ఆగస్టు 23 సాయంత్రం గుర్తుండే ఉంటుంది. మేము డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాం. ఆ రోజు మన హాస్టల్ టీవీ ముందే కూర్చున్నాం. శ్రీహరికోట నుంచి జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దిగింది. వంట చేసే అక్క గరిటె పట్టుకునే వచ్చి చప్పట్లు కొట్టింది. అప్పుడు ఏడో తరగతిలో ఉన్న ఈ తమ్ముడు బెంచీ ఎక్కి గెంతాడు. ఆ సంగతి గుర్తు చేసి, "రేపు ఎవడో అదీ అబద్ధమని వీడియో పెడితే ఏం చెబుతావు?" అని అడిగాం. వాడు చాలాసేపు ఆలోచించి, "లెక్క అడుగుతా" అన్నాడు.

లెక్క అడగడానికి పెద్ద ఉద్యోగం కూడా అక్కర్లేదు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 విక్రమ్ కూలిపోయింది. నాసా అందరికీ అందుబాటులో పెట్టిన ఫోటోలను చెన్నైలోని ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ తన ఇంట్లో కూర్చుని, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వెదికాడు. శకలాల మచ్చ కనిపెట్టాడు. డిసెంబరులో నాసా ఆయన పేరు చెప్పి మరీ ఒప్పుకుంది. నిజం దాచిపెట్టే చోట ఇట్లా జరగదు.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ కథంతా మా నాయనకు చెప్పాం. ఆయనా అదే అడిగాడు: "నువ్వు చూసినావా?" ఈసారి కోపం రాలేదు. "లేదు నాయనా, లెక్క చూపిస్తా" అని కట్టెకు తువ్వాలు కట్టి ఊపి చూపించాం. నవ్వాడు. కాసేపు ఊరకుండి, "అయితే బోరుకు గూడా లెక్కుంటుందా?" అన్నాడు. మూడో బోరుకు మూడో కొబ్బరికాయ ఆయనతో మాటలు అయిపోయినాయని అప్పుడు తెలిసింది.

అనంతపురం వచ్చి భూగర్భ జలాల అధికారులను కలిశాం. జియాలజిస్టు వచ్చి నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలిచాడు. ఆ చేలో ఎక్కడా దించొద్దని చెప్పాడు. మా నాయన ఆ కాగితాన్ని చదవలేడు. అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి అడిగి చెప్పించుకున్నాడు. మూడో బోరు వేయలేదు. చేనుకు నీళ్లు రాలేదు, కొత్త అప్పూ రాలేదు.

తమ్ముళ్లారా, మా మాట నమ్మమని మేము అడగం. ఎమ్మెస్సీ చదివినందుకు మాకు దక్కిన హక్కు మిమ్మల్ని కూర్చోబెట్టడం కాదు, మీరు లేచి నిలబడి అడిగినప్పుడు లెక్క చూపించడం. వీడియో పెట్టినవాణ్ణి అడగండి, కాయ పట్టినవాణ్ణి అడగండి, మమ్మల్ని కూడా అడగండి. వచ్చే ఆదివారం కాంతి పాఠం మొదలుపెడుతున్నాం. వెనక వరసలో కూర్చునే ఆ తమ్ముణ్ణి ముందు వరసలోకి రమ్మన్నాం. రానన్నాడు. అక్కడి నుంచే అడుగుతాడంట.